మూత్రాశయ శస్త్రచికిత్సానంతర జీవనము: శరీరములో నిలుపు కృత్రిమ సాధనములు

రాష్ట్రేతర తెలుగువారి భాషను, వృత్తులను, దేవాలయములను, ఇంటిపేరులను గూర్చి విద్వాంసులు వ్రాయు సంపుటములో మూత్రాశయమును గూర్చిన వ్యాసమేల యని కొందరు పాఠకులు శంకింపవచ్చును. ఆ శంకకు క్లుప్తముగా సమాధానము చెప్పి విషయములో ప్రవేశించెదను. షోలాపురములోనో, బరంపురములోనో, బళ్ళారిలోనో, మధురలోనో రెండు మూడు తరములుగా కాపురమున్న తెలుగు గృహస్థునకు అంగడిలోను, కచేరిలోను ఆ ప్రాంతభాష ధారాళముగా వచ్చును. కాని తన శరీరములోని గుహ్యావయవములను గూర్చి చెప్పుకొనవలసి వచ్చినప్పుడు అతనికి ఇంటి తెలుగే దిక్కు. ఆ తెలుగులో గూడ ఆ మాటలు పెద్దల యెదుట పలుకరానివని చిన్ననాడే నేర్చియుండును. వైద్యుడు వేఱు భాషవాడు, రోగి సిగ్గరి, ప్రక్కన నిలిచియుండునది కోడలు. సామాన్య వ్యాధులలో ఈ మౌనము పెద్ద హాని చేయకపోవచ్చును. మూత్రాశయ కాన్సరుకు శస్త్రచికిత్స జరిగి శరీరములో కృత్రిమ సాధనము నిలుపబడినవాని విషయములో మాత్రము మౌనమే ప్రమాదమునకు హేతువు కాగలదు. అది ఎట్లో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ప్రయోజనము.

మూత్రాశయము పొత్తికడుపులో నుండు కండరపు సంచి. పెద్దవారియందు అది సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్ల మూత్రమును పట్టును. మూత్రపిండములనుండి రెండు మూత్రనాళములు దానిలోనికి దిగును. దాని అడుగునుండి ప్రసేకమను ఒకే మార్గము వెలుపలికి పోవును. ఈ సంచి లోపలి పొరలో పుట్టు కాన్సరు సాధారణముగా నొప్పిలేని రక్తమూత్రముతో బయటపడును. నొప్పి లేకపోవుటయే ఇందలి మోసము. ఒకనాడు ఎఱ్ఱగా పోయి మరునాడు తేటపడినచో, వేడి చేసినదని సబ్జాగింజల నీరో బార్లీ నీరో త్రాగి ఊరకుండువారు మనలో పెక్కుమంది కలరు. నడివయస్సు దాటినవారికి రక్తమూత్రము ఒక్కసారి కనబడినను పరీక్ష జరుగవలసినదే.

ఈ వ్యాధి స్త్రీలలోకంటె పురుషులలో మూడు నాలుగు రెట్లు అధికము. కారణములలో పొగాకుది అగ్రస్థానము. వ్యాధిగ్రస్తులలో ఇంచుమించు సగముమందికి పొగత్రాగుటయే మూలమని వైద్యులు లెక్కించిరి. పొగ పోవునది ఊపిరితిత్తులలోనికి గదా, మూత్రాశయమునకేమి సంబంధమని అడుగువారు కలరు. పొగలోని విషములు రక్తములో కలసి, మూత్రపిండములచే వడకట్టబడి, మూత్రముతోగూడ ఈ సంచిలో గంటలకొలది నిలువయుండును. సంచి గోడకు ఆ విషము తగులుచునే యుండును. చుట్టయైనను, బీడీయైనను, సిగరెట్టైనను ఇందులో భేదము లేదు. రెండవ కారణము కొన్ని రంగుల తయారీలోని రసాయనములు. 1895లో జర్మనీ దేశమున ఫ్రాంక్‌ఫర్టు నగరపు శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్, ఫుక్సిన్ అను ఎఱ్ఱరంగును చేయు కర్మాగారపు కార్మికులలో మూత్రాశయపు గడ్డలను గమనించి ప్రకటించెను. తరువాతి పరిశోధనలలో బీటా నాఫ్థైలమీను, బెంజిడీను మొదలగునవి దోషులని తేలినది. ఇప్పటి రంగులన్నియు అట్టివని నేననను. అయినను, ఈ రసాయనములు తాకిన నాటికిని వ్యాధి పుట్టిన నాటికిని నడుమ ఇరువదేండ్లు, అంతకంటె అధికము గడచిపోవును. కావున నేతయు అద్దకమును వృత్తిగా గల కుటుంబములనుండి వచ్చినవారు, ఆ పని మాని ఎన్ని యేండ్లైనను, తాము యౌవనమున రంగుల తొట్ల వద్ద పనిచేసిన సంగతి వైద్యునితో తప్పక చెప్పవలయును.

మొదట కనుగొనబడునప్పుడు నూటికి సుమారు డెబ్బదిమందిలో వ్యాధి పైపొరకే పరిమితమైయుండును. అట్టివారికి ప్రసేకము ద్వారా పరికరమును పంపి గడ్డను తొలగింతురు. ఆవల, క్షయకు టీకాగా వేయు బి.సి.జి. మందునే సంచిలో నింపి కొంతసేపు నిలిపి విడుచుటయు కలదు. ఈ పద్ధతిని 1976లో కెనడాలో అల్వారో మొరాలెస్ ప్రకటించెను. వ్యాధి కండరపుపొరలోనికి దిగినయెడల, మొత్తము సంచిని తొలగించుటయే సాధారణ మార్గము. (తగినవారికి రేడియేషను, మందులు కలిపి సంచిని నిలుపుకొను విధానమును కలదు, అది వైద్యుడు నిర్ణయింపవలసినది.) పురుషులలో సంచితో గూడ ప్రోస్టేటు గ్రంథిని, వీర్యకోశములను తీసివేయుదురు. స్త్రీలలో గర్భాశయమును, పెక్కుసార్లు యోని ముందుగోడలో కొంతభాగమును పోవును.

శస్త్రచికిత్సకు ముందు కాన్సరు మందులిచ్చుట ఇప్పుడు వాడుకలో నున్నది. ఇచ్చట ఒక్క మాట ప్రస్తావవశమున చెప్పక తప్పదు. 1985లో న్యూయార్కు వైద్యులు ఈ వ్యాధికి నాలుగు మందుల కూర్పును ప్రకటించిరి. అందలి మొదటిది మెథోట్రెక్సేటు. భీమవరమున 1895లో జన్మించి, చెన్నపట్టణమున వైద్యవిద్య నభ్యసించి, అమెరికాకేగి, లెడర్లీ పరిశోధనాలయమున పనిచేసి 1948లో కీర్తిశేషులైన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున నడచిన బృందము వెలువరించిన మందు అది. నాలుగు మందుల ఆ కూర్పు కొంత మార్పుతో నేటికిని వాడబడుచున్నది. రేన్ ప్రకటనయు సుబ్బారావుగారి జననమును ఒకే యేట సంభవించుట కేవలము కాకతాళీయము. కాని తెలుగునాడు విడిచి దూరదేశమున స్థిరపడిన యొకరి కృషి ఈ వ్యాధి చికిత్సలో చేరియున్నదని ఈ సంపుటపు పాఠకులు ఎఱిగియుండుట యుక్తము.

సంచిని తీసివేసిన పిమ్మట మూత్రమునకు దారి కావలయును. పూర్వము మూత్రనాళములను పెద్దప్రేగులోనికి కలిపెడివారు. అందువలన మూత్రపిండములు చెడిపోవుట సామాన్యమైయుండెను. 1950లో అమెరికాలో యూజీన్ బ్రికర్ చిన్నప్రేగునుండి ఒక చిన్న ముక్కను వేఱుచేసి, దాని నొక కొన మూత్రనాళములకును మఱియొక కొన కడుపు చర్మమునకును కుట్టి దారి నేర్పరచు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. నేటికిని అధికసంఖ్యాకులకు జరుగునది ఇదియే. చర్మముపై, సాధారణముగా బొడ్డునకు కుడిప్రక్క క్రిందుగా, ఎఱ్ఱని చిన్న ద్వారము ఏర్పడును. దానిపై సంచి అంటించుకొందురు. ఈ ద్వారము ఎచ్చట నుండవలయునో శస్త్రచికిత్సకు ముందే రోగిని నిలువబెట్టి, కూర్చుండబెట్టి, పరుండబెట్టి గుర్తుపెట్టవలయును. మన రోగులు ఆ గుర్తు పెట్టించుకొనునాడు తాము నిత్యము కట్టు పంచెను గాని చీరను గాని కట్టుకొనియే పోవుట మేలు. కుచ్చెళ్ళు దోపుచోట, మొలత్రాడు ఒరయుచోట, క్రింద కూర్చుండి భోజనము చేయునప్పుడు పొట్ట మడత పడుచోట ద్వారము పడినచో సంచి నిలువదు, మూత్రము కారుచుండును. ఆసుపత్రి అంగీలో పడుకొన్నవానిని చూచి గుర్తుపెట్టిన వైద్యునకు ఈ మడత కనబడదు. సంచి మూడవ వంతునుండి సగమువఱకు నిండగనే ఖాళీ చేయవలయుననియు, నిండువఱకు ఉపేక్షించిన బరువునకు ఊడిపోవుననియు జ్ఞాపకముంచుకొన్నచో తక్కినది అభ్యాసమే.

రెండవ మార్గము ప్రేగుతో క్రొత్త మూత్రాశయమును నిర్మించుట. యాభై అరువది సెంటీమీటర్ల చిన్నప్రేగును నిలువున చీల్చి, గోళాకారముగా కుట్టి, దానిని ప్రసేకమునకు కలుపుదురు. 1980లలో స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున ష్టూడరును, జర్మనీలోని ఉల్మ్ నగరమున హౌట్‌మాన్నును ఈ విధానమును పరిపక్వము చేసిరి. వెలుపల సంచి లేదు, దారి పూర్వపు దారియే. అయినను ప్రేగు ప్రేగే గాని మూత్రాశయము కాదు. నిండినదను సహజమైన హెచ్చరిక దానికి లేదు. తనంత ముడుచుకొని మూత్రమును నెట్టజాలదు. మొదట రెండు గంటల కొకసారి, తరువాత మూడు నాలుగు గంటల కొకసారి, రాత్రులు అలారము పెట్టుకొని లేచి, అడుగుకండరములను వదలి, పొట్టను బిగించి వెళ్ళవలయును. ప్రేగు జిగురును స్రవించును గనుక మూత్రములో తెల్లని పోగులు కనబడుటకు భయపడనక్కఱలేదు. మూత్రములోని ఆమ్లమును ప్రేగు కొంత తిరిగి పీల్చుకొనుటచే అలసట, ఆకలి మందగించుట, వాంతి కలుగవచ్చును. కాలక్రమమున బి12 విటమిను తగ్గవచ్చును. అందుచే రక్తపరీక్షలు జీవితాంతము ఉండును. ఇట్టివారు ఏకాదశి నిర్జలోపవాసమును చేయుట వైద్యుని అడుగకుండ జరుగరాని పని.

ఇక శరీరములో నిలుపు సాధనములు. ఇవి మూడు విధములు: కొంతకాలమునకు తీసివేయవలసినవి, మూత్రమును ఆపుటకు నిలుపునవి, దాంపత్యమునకు నిలుపునవి.

మొదటివానిలో ముఖ్యమైనది స్టెంటు. శస్త్రచికిత్సలో మూత్రనాళములను ప్రేగుకు కుట్టినచోట సన్నని గొట్టములు నిలిపి కొలది దినములకో వారములకో తీసివేయుదురు. దానితో చిక్కు లేదు. కొన్ని నెలలకో యేండ్లకో ఆ కుట్టుచోటు ఇఱుకైనవానికి మరల స్టెంటు పెట్టవలసివచ్చును. అది లోపల నున్నంతకాలము వెలుపల నేమియు కనబడదు, పెక్కుమందికి నొప్పియు నుండదు. ఇందువలననే అది మఱపునకు వచ్చును. మూడు నెలలకో ఆరు నెలలకో మార్చవలసిన గొట్టము రెండేండ్లు, మూడేండ్లు లోపలనే యుండిపోయి, దానిపై రాళ్ళు పేరుకొని, మూత్రపిండమే పాడైన సందర్భములు మన దేశపు వైద్యపత్రికలలో తఱచుగా వర్ణింపబడినవి. పెట్టినప్పుడు రోగికి చెప్పిన మాట పరభాషలోనిదై యుండుట, చెప్పినది సగమే అర్థమగుట, ఇంటికి చేరిన పిమ్మట ఆ కాగితము బియ్యపు డబ్బా క్రింద చేరుట, ఇవి కారణములు. దీనికి విరుగుడు అతి సులభము. ఆసుపత్రి విడుచుటకు ముందే మూడు ప్రశ్నలు వేయవలయును: లోపల గొట్టమేమైనను నిలిపితిరా? ఎన్ని? ఏ తేదీకి తీయవలయును? ఆ తేదీని గోడపంచాంగముమీద ఎఱ్ఱసిరాతో వ్రాసి, దూరపుటూరనున్న కొడుకునకో కూతునకో గూడ తెలుపవలయును.

రెండవది కృత్రిమ సంకోచకము. మూత్రమును మనము ఆపగల శక్తి ప్రసేకము చుట్టునున్న వలయాకార కండరమునది. క్రొత్త మూత్రాశయము నిర్మించుకొన్న కొందరు పురుషులలో ఈ కండరము దుర్బలమై, దగ్గినను, లేచినను, బరువెత్తినను మూత్రము కారును. మొదటి నెలలలో ఇది సామాన్యము. అడుగుకండరముల వ్యాయామముతో పెక్కుమందికి, విశేషించి పగటివేళ, సర్దుకొనును. కావున తొందరపడి సాధనము పెట్టరు. ఇంచుమించు సంవత్సరమువఱకు వేచిచూతురు. కడుపుపై సంచి అంటించుకొన్నవారికి ఈ సాధనముతో పనియే లేదు. మఱియొక జాగ్రత్తయు కలదు. కొందరిలో కారుట కండరదౌర్బల్యమువలన గాక, సంచి ఖాళీ కాక పొంగిపొరలుటవలన కలుగును. వారికి కావలసినది గొట్టముతో ఖాళీ చేయుట గాని బిగించు సాధనము కాదు. దేనివలన కారుచున్నదో తేల్చిన పిమ్మటనే శస్త్రవైద్యుడు ముందుకు పోవును.

ఈ సంకోచకమును 1972లో అమెరికాలోని హ్యూస్టను నగరమున బ్రాంట్లీ స్కాట్ అను వైద్యుడు మొదట మానవశరీరమున నిలిపెను. నేడు ప్రపంచమున విశేషముగ వాడుకలో నున్న ఎ.ఎం.ఎస్. 800 అను నమూనా 1980లలో రూపుగొన్నది. అది సిలికోనుతో చేసినది, మూడు భాగములు. ప్రసేకము చుట్టును చుట్టు నీటిపట్టీ యొకటి. పొత్తికడుపు గోడ వెనుక నుండు బుడగ యొకటి. వృషణకోశములో చర్మము క్రింద నుండు చిన్న పంపు ఒకటి. మూడింటిని సన్నని గొట్టములు కలుపును. లోపల ఉప్పునీరు నిండియుండును. బుడగ తన ఒత్తిడిచే నీటిని పట్టీలోనికి నెట్టుటచే పట్టీ ఉబ్బి ప్రసేకమును మూసియుంచును. ఆ ఒత్తిడి సాధారణముగ 61 నుండి 70 సెంటీమీటర్ల నీటి ఎత్తునకు సమానము. అంతకు మించినచో ప్రసేకమునకు రక్తప్రసారము కుంటుపడును, తగ్గినచో మూత్రము కారును. మూత్రమునకు పోవలసినప్పుడు పంపును వ్రేళ్ళతో పలుమార్లు నొక్కవలయును. నీరు పట్టీనుండి బుడగలోనికి పోవును, దారి తెఱచుకొనును. రెండు మూడు నిమిషములలో నీరు తనంతతానే పట్టీలోనికి మఱలివచ్చి దారి మూసికొనును. విద్యుత్తు లేదు, తాళముచెవి లేదు. ఆలోచించినచో మన రైతులు కాలువకు తూము కట్టుటకును దీనికిని సూత్రమున పెద్ద భేదము లేదు.

శస్త్రచికిత్స జరిగిన వెంటనే దీనిని పనిచేయింపరు. గాయము మానువఱకు సుమారు ఆరు వారములు తెఱచియే యుంచుదురు. కావున ఆ నెలన్నరయు మూత్రము పూర్వమువలెనే కారును. ఈ మాట ముందుగా తెలియక, శస్త్రచికిత్స విఫలమైనదని దుఃఖించువారు కలరు. వ్రేళ్ళ పటుత్వము తగ్గిన వృద్ధులకు, చేతులు వణకువారికి, జ్ఞాపకశక్తి సన్నగిల్లినవారికి దీనిని నడపుట కష్టము. పంపును నొక్కగలడా యని ముందే పరీక్షించుటలో అవమానమేమియు లేదు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చితిని. ఈ సాధనము గలవాడు ఎప్పుడో వేఱొక కారణమున, కాలు విఱిగియో, గుండెనొప్పి వచ్చియో, స్పృహతప్పియో ఆసుపత్రిలో చేరును. అట్టి రోగికి మూత్రమునకు గొట్టము పెట్టుట ఆసుపత్రులలో దినచర్య. మూసియున్న పట్టీ గుండ బలవంతముగ గొట్టమును త్రోసినచో ప్రసేకము చీలును. పట్టీ ప్రసేకములోనికి కోసికొని వచ్చును. ఆపైన సాధనమును మొత్తముగ తీసివేయవలసివచ్చును, కొన్నిసార్లు మరల పెట్టుటయే దుర్లభమగును. ముందు పంపును నొక్కి పట్టీని ఖాళీ చేసి, పంపుమీదనే యుండు చిన్న మీటను అదిమి దారి తెఱచియుండునట్లు నిలుపవలయును. పిమ్మట సన్నని గొట్టమును మాత్రమే, వీలైనంత తక్కువకాలము ఉంచవలయును. ఇది యూరాలజీ వైద్యునకు తెలిసిన పని. రాత్రివేళ విధిలోనున్న నర్సుకు తెలియకపోవచ్చును, తెలియకుండుట ఆమె తప్పును కాదు. వెలుపలినుండి చూచినవారికి ఇట్టి సాధనమున్నదని పోల్చుకొనుటకు ఏ చిహ్నమును లేదు. చెప్పవలసినవాడు రోగి, అతడు స్పృహలో లేనిచో ఇంటివారు. తండ్రి శరీరములో నిట్టిదున్నదని కొడుకునకే తెలియని యిండ్లు మనలో నుండుట ఆశ్చర్యము కాదు. సిగ్గు వలన భార్యకు మాత్రమే చెప్పి, ఆమె గతించిన పిమ్మట ఎవ్వరికిని తెలియక పోవుటయు సంభవమే.

అందుచే ఒక చిన్న చీటీ జేబులో నుండవలయును. సాధనముతో కంపెనీవారిచ్చు కార్డు ఇంగ్లీషులో నుండును, అది చాలదు. తెలుగులో ఈ విధముగా వ్రాయవచ్చును: "నా ప్రసేకము చుట్టును కృత్రిమ సంకోచకము అమర్చబడియున్నది. దానిని తెఱచి నిలుపకుండ మూత్రమునకు గొట్టము పెట్టరాదు. యూరాలజీ వైద్యుని పిలిపింపుడు." దీనినే తామున్న ప్రాంతపు భాషలో, లిపిలో వ్రాయించి వెనుక అంటించుకొనవలయును. మరాఠీ, ఒడియాలలో మూత్రాశయమన్న మాటయే చెల్లును, కన్నడమున మూత్రకోశమందురు, తమిళమున మాత్రము సిఱునీర్ప్పై యన్నగాని తెలియదు. మహారాష్ట్రమున సామాన్యజనము మూత్రమును లఘవీ యందురు. మాటలు దొరకకపోవు చిక్కు మనము తలచినంత గొప్పది కాదు. పలుకుటకు జంకుటయే చిక్కు. మన సంఘములు పండుగలకు అచ్చువేయు ఆహ్వానపత్రికలలో పదవవంతు ఖర్చుతో ఇట్టి చీటీలను రెండు భాషలలో అచ్చొత్తించి కోరినవారికి ఈయవచ్చునని నా అభిప్రాయము. పేరు వ్రాయనక్కఱలేకుండ ఖాళీ చీటీలుగనే యుంచినచో అడుగుటకు ఎవరును సంకోచింపరు.

మూడవది దాంపత్యమునకు సంబంధించినది. మూత్రాశయమును, ప్రోస్టేటును తీయునప్పుడు వాని ప్రక్కగా పోవు సన్ననినరములు దెబ్బతినుట సామాన్యము. వైద్యుడెంత జాగరూకుడైనను, వ్యాధి వ్యాపించియున్నచో వానిని కాపాడుట సాధ్యము కాదు. స్పర్శజ్ఞానము నిలుచును, కోరిక నిలుచును. అంగస్తంభనము మాత్రము లోపించును. మాత్రలు, సూదిమందులు ఫలింపనివారికి అంగములో నిలుపు సాధనము కలదు. వంచి నిలుపదగిన రెండు కడ్డీల విధము సులభమైనది, చౌకైనది. ముంబయి వైద్యులు రూపిన్ షా రూపొందించిన కడ్డీసాధనము మన దేశమున వాడుకలో నున్నది. నీటితో ఉబ్బు విధమును 1973లో స్కాట్ బృందమే ప్రకటించినది. అందు కూడ పంపు, నీటితొట్టి కలవు. సాధారణముగ ఆ తొట్టిని మూత్రాశయము ప్రక్కన నుంతురు. మూత్రాశయమే లేనివానికి అచ్చటికి ప్రేగులు దిగియుండును గనుక, తొట్టిని కడుపుగోడ కండరముల నడుమ నుంచుట క్షేమము. కావున పూర్వశస్త్రచికిత్స కాగితములు చూపక ఈ సాధనము పెట్టించుకొనరాదు. మధుమేహము గలవారు ముందుగా దానిని అదుపులోనికి తెచ్చుకొనవలయును. సాధనమునకు సూక్ష్మజీవులు సోకినచో తీసివేయుట తప్ప మార్గాంతరము తఱచుగా నుండదు.

వీర్యకోశములు పోయినందున ఇక సహజముగ సంతానము కలుగదు. సంతానాపేక్షగల యువకులు శస్త్రచికిత్సకును, కాన్సరు మందులకును ముందే వీర్యమును భద్రపఱచుకొనవలయును. తరువాత అడుగుట వ్యర్థము. ఏబది, అరువది యేండ్లు దాటినవాడు ఈ సాధనమును అడుగుట లజ్జాకరమని తలచువారున్నారు. నేనట్లు తలపను. ప్రాణము దక్కిన పిమ్మట ఇరువదేండ్లు కలసి బ్రతుకువారి దాంపత్యమును గూర్చి బయటివారు తీర్పు చెప్పనక్కఱలేదు. స్త్రీల కష్టమును గూర్చి ఎవరును అడుగను కూడ అడుగరు. యోని కుఱుచయగుట, ఎండిపోవుట, కలయికలో నొప్పి, ఇవి వారికి కలుగును; చికిత్సలును కలవు; కాని కోడలి నోటను, అత్తగారి నోటను ఆ మాట వెలువడుటకు స్త్రీవైద్యురాలు ఏకాంతమున అడుగవలసియున్నది.

నిత్యజీవనములో ఈ సాధనములు పెద్ద ఆటంకములు కావు. సంకోచకము గలవారు మొదటి వారములలో బరువులెత్తరాదు, సైకిలెక్కరాదు. తరువాతను గట్టి జీనుమీద దూరప్రయాణము పట్టీచోట ఒరపిడి కలిగించును. కొందరు వైద్యులు రాత్రి నిదురకు ముందు పట్టీని తెఱచి నిలుపుమందురు; రేడియేషను తగిలినవారి ప్రసేకమునకు ఆ విశ్రాంతి మేలు. తిరుమల బారులో గంటలకొలది నిలుచు మనవారు, క్రొత్త మూత్రాశయము గలవారైనచో, వేళ తప్పకుండ బయటికి పోవు వీలును ముందే చూచుకొనవలయును. ఎం.ఆర్.ఐ. పరీక్షకు ముందు సాధనపు పేరు చెప్పినచో చాలును. నేటి నమూనాలకు కొన్ని నిబంధనలతో ఆ పరీక్ష చేయవచ్చును. పంపుపై చర్మము ఎఱ్ఱబడి అంటుకొనినను, చీము కనబడినను, జ్వరము వచ్చినను, ఆగియున్న కారుట మరల మొదలైనను, మూత్రములో నెత్తురు కనబడినను ఆ దినమే వైద్యుని చూడవలయును.

ఖర్చు విషయమొకటి మిగిలియున్నది. దిగుమతి సాధనముల వెల సామాన్యునకు భారమే. తెలుగు రాష్ట్రముల ఆరోగ్య పథకములు ఆ రాష్ట్రముల నివాసులకు గాని షోలాపురవాసికి చెల్లవు. అతడు మహాత్మా ఫులే పేరిటి మహారాష్ట్ర పథకమును, తమిళనాటివారు అచ్చటి ముఖ్యమంత్రి బీమా పథకమును ఆశ్రయింపవలయును. శస్త్రచికిత్స ఖర్చులో సాధనపు వెలయు చేరునో లేదో ముందే వ్రాతమూలముగ అడుగుట మంచిది. ముంబయి పరేలులో 1941లో వెలసిన టాటా స్మారక ఆసుపత్రి, చెన్నపట్టణపు అడయారులో ముత్తులక్ష్మీ రెడ్డిగారి పూనికచే 1954లో వెలసిన కాన్సరు సంస్థ, బెంగుళూరులోని కిద్వాయి సంస్థ, కటకములోని ఆచార్య హరిహర సంస్థ మన వారికి చేరువలోని పెద్ద కాన్సరు ఆలయములు. యానామువారి పరిస్థితి విచిత్రము: పరిపాలనచే వారు పుదుచ్చేరికి చెందుదురు, అచ్చట జిప్‌మర్ కలదు; కాని ఆపద వేళ పరుగెత్తునది కాకినాడకే. అనగా చికిత్స జరిగినది యొకచోట, అత్యవసరము వచ్చునది మఱియొకచోట. ఇది యానాముకే కాదు, మనలో పెక్కుమందికి వర్తించును.

ఈ సాధనములు శాశ్వతములు కావు. ఏడెనిమిదేండ్లకో పదియేండ్లకో నీరు కారిపోవుటయు, పట్టీ క్రింద కండ క్షీణించుటయు జరిగి మార్చవలసివచ్చును. కొందరికి అంతకంటె ఎక్కువకాలము నడచును. అప్పటికి మొదటి వైద్యుడు ఉద్యోగము విరమించియుండవచ్చును, రోగి కుమారునితో వేఱొక రాష్ట్రమునకు పోయియుండవచ్చును. క్రొత్త వైద్యునకు మొదట కావలసినది పాతకాగితము: సాధనపు నమూనా, పట్టీ కొలత, బుడగ ఒత్తిడి, పంపు కుడివైపుననో యెడమవైపుననో, బుడగ ఎచ్చట నున్నదో. ఆ కాగితపు నకళ్ళు రెండు తీసి, ఒకటి ఇంటి దస్తావేజులతోను, మఱియొకటి వేఱొక ఊరనున్న బిడ్డ వద్దను ఉంచవలయును.